పెద్ద లీగులో చోటు

ఆ ఏడు ఆగస్టులో మా యూనివర్సిటీ అధ్యక్షుడు హాస్కెల్ నన్ను తన గదికి పిలిపించాడు. నేను లోపలికి రాగానే లేచొచ్చి తలుపు తనే వేశాడు. పంతొమ్మిదేళ్ళుగా మా థోర్న్‌బరీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలకి రేడియోలో వ్యాఖ్యానం చెబుతున్నవాణ్ణి నేను. మిగతా రోజుల్లో పూర్వ విద్యార్థుల సంఘం ఆఫీసులో పని. అధ్యక్షుడంతటివాడు నాకోసం తలుపు వేయడం అదే మొదటిసారి. దాచుకోవడం దేనికి, ఆ తలుపు చప్పుడికి లోలోపల కాస్త పొంగిపోయాను.

"డెల్, లీగు వాళ్ళు మనల్ని తీసేసే ఆలోచనలో ఉన్నారు," అన్నాడు.

అది ఊళ్ళో అందరికీ తెలిసిన ముచ్చటే. మా లీగులో పద్నాలుగు యూనివర్సిటీలు. పదమూడు ప్రభుత్వానివి, ఒక్కోదాంట్లో నలభై వేలమంది, యాభై వేలమంది పిల్లలు. పద్నాలుగోది మాది. ప్రైవేటుది, అంతా కలిపి నాలుగు వేల రెండొందల మంది. లీగు పుట్టిన నాడు చేరిన ఏడింటిలో ఒకళ్ళం కాబట్టి ఇంకా ఉన్నాం. ఇవాళ కొత్తగా చేరతామని వెళితే గేటు దగ్గరే ఆపేస్తారు. పదేళ్ళుగా ఫుట్‌బాల్లో మా పని ఓడిపోవడమే.

"నవంబరు ఆఖర్లో మిగతా పదమూడుమంది అధ్యక్షులూ ఓటు వేస్తారు. తొమ్మిదిమంది పొమ్మంటే పోవాల్సిందే," అన్నాడు హాస్కెల్. "ఉండాలంటే మనం ఒక మాట ఇవ్వాలి. ఏడాది తిరిగేలోగా ఫుట్‌బాల్ కుర్రాళ్ళకి పైకప్పున్న సాధన మైదానం కట్టాలి. మిగతా అందరికీ ఉంది, మనకే లేదు."

"కట్టండి మరి. స్థలం ఎక్కడ?"

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నేనూ వెళ్ళి చూశాను. స్టేడియం గోడని ఆనుకుని, అద్దాల మీద ఆవిరి పట్టిన ఎర్ర ఇటుకల భవనం. లోపల ఈతకొలను. మా ఆవిడ మార్గో ఇరవై రెండేళ్ళుగా అమ్మాయిల ఈత బృందానికి కోచ్. ఆ భవనంలో ఉన్నంతసేపు మా ఇంట్లో ఎప్పుడూ ఉండలేదు.

"కొలను తీసేస్తున్నారా?"

"బృందం కూడా. ఇంకో కొలను కట్టే తాహతు మనకి లేదు. ఆవిడకి వేరే పని చూస్తాం, మంచిదే చూస్తాం. కానీ ఓట్లయ్యేదాకా ఈ సంగతి ఈ గది దాటకూడదు. ఒక బృందాన్ని ఎత్తేస్తున్నామని పేపర్లో పడిందా, 'చూశారా, వీళ్ళ వల్ల కావడం లేదు' అంటారు. అంతటితో మన ఆట కట్టు."

"మరి నాకెందుకు చెబుతున్నారు?"

"రేపు ఎవరో చెప్పగా విని మైకు ముందు నోరు జారతారేమోనని. ఇంకోటి, అక్టోబరులో లీగు అధ్యక్షులందరికీ ఇక్కడ విందు ఇస్తున్నాం. మన తరఫున మాట్లాడేది మీరైతే బావుంటుంది. ఈ ఊళ్ళో మీ గొంతుని నమ్మనివాడు లేడు."

నేను ఒక్కటే అభ్యంతరం చెప్పాను. "అక్టోబరులో మార్గో ఈత పిల్లల ఇళ్ళకి వెళుతుంది. వచ్చే ఏటికి బృందంలోకి ఎవర్ని తీసుకోవాలో చూసుకోవడానికి."

"వెళ్ళనివ్వండి. ఆపితే అనుమానం వస్తుంది."

"ఎన్ని నిమిషాలు మాట్లాడాలి?" అన్నాను. అదీ నేనన్న తర్వాతి మాట.

ఆ సాయంత్రం మార్గో తడిజుట్టుతో, క్లోరిన్ వాసనతో ఇంటికొచ్చి, సంచీ కుర్చీలో పడేసి అడిగింది.

"తలుపులేసుకుని మరీ ఏం మాట్లాడుకున్నారు మీ ఇద్దరూ?"

"లీగు సంగతే."

"ఉంచుతారటా, గెంటుతారటా?"

"చూడాలి."

"గెంటితే గెంటారు. నీళ్ళకి లీగులు తెలుస్తాయా ఏంటి?" ఫ్రిజ్‌లోంచి జున్ను తీసి కోస్తూ అంది. "ఏటా అరవై పాయింట్ల తేడాతో తన్నులు తినడానికి ఇంత ఆరాటమేంటి డెల్? మనంతటి వాళ్ళతో మనం ఆడుకుంటే ఏం పోయింది?"

"అందులో లేకపోతే మన ఊరి పేరు ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు. పోస్టుమేనుకి తెలుసు. ఇంకా ఎవరెవరికి తెలియాలో ఒక జాబితా రాసివ్వు."

ఇద్దరం నవ్వుకున్నాం. చెప్పాలంటే అప్పుడే చెప్పాల్సింది. ఆవిడ నా పళ్ళెంలో జున్ను ముక్కలు వేసింది, నేను తిన్నాను.

సెప్టెంబరులో మొదటి మూడు ఆటలూ ఓడాం. మూడోది యాభై ఐదుకి మూడు పాయింట్లతో. ఆట తర్వాత శ్రోతలు ఫోన్ చేసే గంట ఒకటి ఉంటుంది నాకు. అవతలి జట్టు అభిమాని ఒకడు ఫోన్ చేశాడు.

"ఏమండీ డెల్ గారూ, ఇవాళ మీ స్టేడియంలో మా వాళ్ళే ఎక్కువమంది ఉన్నారు. మీ వాళ్ళేరి? హోంవర్క్ చేసుకుంటున్నారా?"

"కొంతమంది చేసుకుంటున్నారు. మీ వాళ్ళకి హోంవర్క్ అంటే ఏంటో చెప్పమంటారా?"

"మాటలకేం లెండి. చంటిపిల్లాణ్ణి తీసుకొచ్చి గోదాలో నిలబెట్టి 'వీడూ మల్లుడే' అంటే ఎట్లా? పిల్లాడి మీద జాలి ఉండక్కర్లా?"

అవతల ఫోన్ పెట్టేశాడు. మైకు ముందు నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఆ స్టేడియానికి తీసుకెళ్ళేవాడు. చదువుకునే రోజుల్లో నేనూ ఆ జట్టులో ఉన్నాను. నాలుగేళ్ళలో మైదానంలోకి దిగింది పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ అవతల ఉన్నది దేశంలోకెల్లా పెద్ద జట్లు. ఈ సంగతి కొత్తవాళ్ళతో మాట కలిసిన పావుగంటలో చెప్పేవాణ్ణి. దాన్నెవరో నా జేబులోంచి లాక్కుంటున్నట్టు అనిపించింది ఆ ఫోన్‌తో. హాస్కెల్‌కి ఇచ్చిన మాట అప్పట్నుంచీ బరువనిపించలేదు. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను కానీ, అప్పుడు మాత్రం హాయిగా నిద్రపోయాను.

అక్టోబరు మొదట్లో మార్గో కొలను గట్టు మీద జారి చీలమండ బెణికించుకుంది. మోకాలి దాకా పట్టీ. అయోవా రాష్ట్రంలో ఒక పిల్ల ఇంటికి వెళ్ళాలి, అయిదు గంటల ప్రయాణం, కారు నడపలేదు.

"నువ్వు తీసుకెళతావా? శుక్రవారం ఖాళీయే కదా నీకు," అంది.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకుంటే ఎందుకని అడుగుతుందేమోనని తీసుకెళ్ళాను.

పిల్ల పేరు బ్రిటా లిండ్‌వాల్. పదిహేడేళ్ళు. బటర్‌ఫ్లై ఈతలో ఆ రాష్ట్రంలో ఆ ఏడు ఆమెదే మొదటి స్థానం. దారి పొడుగునా మార్గో ఆ పిల్ల గురించే. "భుజాలు చూడాలి నువ్వు. నీళ్ళని కొట్టదు డెల్, పక్కకి జరపమని అడుగుతున్నట్టు ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో ఇలాంటి పిల్ల నా చేతికి రాలేదు. నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ళు వెంటపడుతున్నారు. పెద్ద కొలను వాళ్ళది. నేనేం చూపించి అడగను?"

లిండ్‌వాల్ వాళ్ళది పాడి. అరవై ఆవులు. ఇంటాయన ఆర్డెల్ పొడుగ్గా, ఎండిన చేతులతో ఉంటాడు. మాట ఆచి తూచి వస్తుంది. వాళ్ళావిడ కార్లా బళ్ళో వంటగది చూసుకుంటుంది. భోజనంలో బేక్ చేసిన బంగాళదుంపలు, మాంసం, ఆపైన వాళ్ళ నాయనమ్మ స్వీడన్ నుంచి నేర్చుకొచ్చిన పద్ధతిలో యాపిల్ కేకు, దానిమీద వెచ్చటి వెనిల్లా పాలు. బ్రిటా ఎక్కువ మాట్లాడలేదు. మార్గో ఏది చెప్పినా బల్ల మీదికి వంగి వింది. చేతులు మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంది, గోళ్ళు కొరుక్కున్న సంగతి కనబడకుండా.

కేకు తినేటప్పుడు ఆర్డెల్ చెంచా కింద పెట్టాడు.

"మార్గో గారూ, నేను ఒక్కటి అడగాలి. మీ యూనివర్సిటీని లీగు నుంచి తీసేస్తారని పేపర్లో రాస్తున్నారు. అట్లా జరిగితే మా పిల్ల ఈత ఏమవుతుంది? నెబ్రాస్కా వాళ్ళు నాలుగేళ్ళకీ భరోసా ఇస్తున్నారు."

మార్గో ఆయన కళ్ళలోకి చూసి చెప్పింది. "లీగు ఉన్నా పోయినా నా కొలను ఎక్కడికీ పోదండీ. అక్కడ నేను ఉంటాను, నీళ్ళుంటాయి. నాలుగేళ్ళూ మీ అమ్మాయి నా చేతికిందే ఉంటుంది. ఆ మాట నాది."

ఆయన తల ఊపాడు. అంతటితో ఊరుకుంటే బతికిపోదును. నా వైపు తిరిగాడు.

"డెల్ ప్రూయిట్ గారూ, శనివారాలు పాలు పితికేటప్పుడు మీ రేడియో పెట్టుకుంటాను. మీ వాళ్ళు ఓడితే ఓడారనే చెప్తారు మీరు, వంకలు పెట్టరు. లోపలి సంగతులు మీకు తెలుస్తాయి కదా. మీరేమంటారు?"

బల్ల చుట్టూ నలుగురూ నన్నే చూస్తున్నారు. బ్రిటా ఒళ్ళోంచి చేతులు పైకి తీసింది.

"మార్గో మాటిచ్చిందంటే ఇక దానికి తిరుగులేదండీ," అన్నాను.

అబద్ధం ఆడలేదని ఆ నిమిషంలో నాకు నేను చెప్పుకున్నాను కూడా. కార్లా ఇంకో ముక్క వేయనా అని అడిగితే పళ్ళెం ముందుకు జరిపాను.

తిరుగు ప్రయాణంలో మార్గో బెణికిన కాలు ముందుకు చాపుకుని చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మొక్కజొన్న కోతలైపోయి పొలాలు బోసిగా ఉన్నాయి. ఇల్లినాయి రాష్ట్రం దాటాక నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఆయన్ని ఒప్పించింది నేను కాదు, నువ్వే. నువ్వామాట అన్నాక ఆయన భుజాలు దిగాయి, చూశావా?"

"మార్గో," అన్నాను.

"ఊఁ?"

"పెట్రోలు పోయించాలి."

తర్వాతి వారం విందు. హోటల్ హాల్లో పదమూడుమంది అధ్యక్షులు, వాళ్ళ భార్యలు, భర్తలు. మార్గో కూడా వచ్చింది, నీలం గౌను వేసుకుని, చంకలో కర్ర పెట్టుకుని. ఆరు నిమిషాలు మాట్లాడాను. మా నాన్న భుజాలు, నా పదకొండు నిమిషాలు, అన్నీ చెప్పాను. ఆఖర్న ఇలా అన్నాను: "చిన్నవాణ్ణి బల్ల దగ్గర్నుంచి లేపేస్తే మీకు చోటు పెరుగుతుందేమో కానీ మర్యాద పెరగదు. మమ్మల్ని గెలిపించమని అడగటం లేదు. కూర్చోనివ్వమంటున్నాం, అంతే."

లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కూర్చున్నాక మార్గో నా చెవిలో అంది, "నాకు లీగు మీద నమ్మకం లేదు కానీ నీ మీద ఉంది పోవోయ్." ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. చప్పట్లు ఇంకా ఆగలేదు. నేను వాటివైపు తిరిగి తల వంచాను.

నవంబరు రెండో వారంలో బ్రిటా మా యూనివర్సిటీ కాగితం మీద సంతకం పెట్టింది. సంతకం పెడుతున్న ఫోటో పంపించింది. అమ్మా నాన్నా చెరో పక్కన నిలబడి ఉన్నారు. ఆర్డెల్ టై కట్టుకున్నాడు. మార్గో ఆ ఫోటో ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. ఓట్లు పడేదాకా పాల కోసం ఫ్రిజ్ తీసిన ప్రతిసారీ నేను పక్కకి చూసేవాణ్ణి.

ఆ శనివారమే ఒక వింత జరిగింది. దేశంలో నాలుగో స్థానంలో ఉన్న జట్టుని మా వాళ్ళు మా మైదానంలో మూడు పాయింట్ల తేడాతో ఓడించారు. మైకులో నా గొంతు పోయింది. ఊళ్ళో చర్చి గంటలు మోగించారు. జనం మైదానంలోకి దూకి గోలుస్తంభం పెరికి, వీధుల వెంట మోసుకెళ్ళి నదిలో వేశారు. అది మోసినవాళ్ళలో ఈత పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళ నెత్తిమీద ఊదారంగు టోపీలు, నోట్లో నేను రేడియోలో ఎప్పుడూ అనే పిలుపు. ఒకమ్మాయి నన్ను గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చి కావలించుకుంది. "ఇంక మనల్ని ఎవరూ తీసెయ్యలేరు కదండీ!" అంది. నేనూ నదిదాకా నడిచాను వాళ్ళతో.

నవంబరు ఆఖరి శనివారం ఓట్లు పడ్డాయి. పొమ్మన్నవాళ్ళు ఏడుగురే. ఉండిపోయాం. హాస్కెల్ ఇంటికి ఫోన్ చేసి, "మీ ఆరు నిమిషాలే మనల్ని నిలబెట్టాయి," అన్నాడు. మార్గో సీసా తెరిచి రెండు గ్లాసుల్లో పోసింది. "సరే, నీ కోసం," అంది.

ఆదివారం మొత్తం నాకుంది. ఆ ఒక్క రోజన్నా ఉంది. పొద్దున చెబుదామనుకున్నాను, ఆవిడ చర్చికి వెళ్ళింది. మధ్యాహ్నం చెబుదామనుకున్నాను, కాలికి కొత్తగా పట్టీ తీసేశారు కదా, హుషారుగా ఇల్లంతా ఊడుస్తోంది. ఇంకెలాగూ హాస్కెల్ చెప్తాడు, అతను చెప్పడమే పద్ధతి అనుకున్నాను.

సోమవారం పదింటికి హాస్కెల్ ఆవిణ్ణి పిలిపించాడు. ఎనిమిది నిమిషాల్లో పంపించేశాడు. నేను పదకొండింటికి కొలను దగ్గరికి వెళ్ళాను. అమ్మాయిలు ఇరవై మంది తడి ఈతబట్టల మీద తువ్వాళ్ళు కప్పుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎవ్వరూ ఏడవడం లేదు. నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి. నదిదాకా నాతో నడిచిన అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. సాయం చేయడానికి వచ్చాననుకుంది పాపం.

మార్గో తన చిన్న ఆఫీసు గదిలో బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద ఫోన్, ఒక కాగితం.

"హాస్కెల్ ఒక మాట అన్నాడు," అంది తలెత్తకుండా. "'డెల్ మొదట్నుంచీ ఎంతో సహకరించాడు' అన్నాడు."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆగస్టులో."

ఆవిడ ఏదో లెక్క చూసుకుంటున్నట్టు గోడకేసి చూసింది.

"అయోవాకి ముందే."

"ముందే."

"కేకు రెండో ముక్క కూడా పెట్టించుకున్నావు," అంది.

అరవలేదు. కాగితం దగ్గరికి లాక్కుంది. దానిమీద లిండ్‌వాల్ వాళ్ళ నంబరు.

"తలుపు వేసి వెళ్ళు డెల్. ఫోన్ చేసుకోవాలి."

వేసి వచ్చాను. మెట్ల మీది పిల్లల ముందునుంచే నడవాలి బయటికి. నడిచాను.

మా ఇంట్లో ఆ తర్వాత గొడవంటూ జరగలేదు. మార్గో భోజనాల దగ్గర ఉప్పు అందించమనేది, వాన వచ్చేలా ఉందనేది. తక్కిన టైమంతా ఫోన్‌లోనే. ఉన్న పిల్లల్ని ఒక్కొక్కర్నే వేరే చోట్ల చేర్పించడానికి ఎవరెవరినో బతిమాలేది. పద్నాలుగుమందికి చోటు దొరికింది. బ్రిటాకి దొరకలేదు. నెబ్రాస్కా వాళ్ళు ఆ చోటు అప్పటికే ఇంకో పిల్లకి ఇచ్చేశారు. స్కాలర్‌షిప్ మాత్రం ఉంటుందని లిండ్‌వాల్ వాళ్ళకి మా యూనివర్సిటీ పద్ధతిగా ఉత్తరం రాసింది: చదువుకోవచ్చు, ఈత మాత్రం ఉండదు.

జనవరిలో మార్గోకి మిన్నెసోటాలో పని దొరికింది. ఎనిమిది వందలమంది చదివే కాలేజీ. వాళ్ళు ఏ లీగులో ఆడతారో వాళ్ళ ఊరివాళ్ళకే తెలీదు. కొలను పాతది, ఆరు వరుసలే. సామాను కారులో పెడుతుంటే సాయం చేశాను.

"నేనూ రానా?" అని అడిగాను.

"నీకిక్కడ ఆటలున్నాయి కదా," అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అనుకుని అంది. అది ఎత్తిపొడుపైతే బావుండేది.

మైకు అప్పుడే వదిలేశానని చెప్పగలిగితే బావుండును. వదల్లేదు. ఇంకో రెండేళ్ళు చెప్పాను. కొలను పడగొట్టిన చోట సాధన మైదానం లేచింది. దాని ప్రారంభానికి రిబ్బను పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ మా వాళ్ళు ఆ లీగులోనే ఉన్నారు. ఏడాదికి రెండో మూడో గెలుస్తారు. మా అంతటి చిన్న యూనివర్సిటీకి అక్కడ ఏం పని అని ఇప్పటికీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఒకప్పుడు వాళ్ళకి జవాబు రాసేవాణ్ణి.

బ్రిటా ఆ ఆగస్టులో మార్గో దగ్గరికే మిన్నెసోటా వెళ్ళి చేరిందట. నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కాలేజీ ఈత ఫలితాలు వెతికి చూస్తుంటే పట్టికలో పేరు కనబడింది.

కానీ దానికి ముందు, ఫిబ్రవరిలో, నేనొకసారి అయోవా వెళ్ళాను. ముందుగా చెప్పలేదు. చెబితే వద్దంటారని. అయిదు గంటలూ కారులో ఏం చెప్పాలో బిగ్గరగా అనుకుంటూ వెళ్ళాను. మాటలు వరుసలో పెట్టడం నా వృత్తి, బాగానే వచ్చాయి.

ఆర్డెల్ తలుపు తీసి, ఆశ్చర్యపోయి, లోపలికి రమ్మన్నాడు. వంటగదిలో కూర్చోబెట్టి కాఫీ పోశాడు. కార్లా బళ్ళో ఉంది. నేను నోరు తెరిచేలోపు ఆయనే మొదలెట్టాడు.

"మీ ఆవిడ ఉత్తరం రాసింది. నాలుగు పేజీలు. మాటిచ్చి తప్పాల్సి వచ్చిందని. ఆవిడ తప్పేముంది? మీ ఇద్దరికీ చివరిదాకా తెలియనివ్వలేదట కదా వాళ్ళు. ఇరవై ఏళ్ళు చాకిరీ చేయించుకుని అట్లా చేస్తారా ఎవరైనా? మీకూ కష్టంగానే ఉండుంటుంది ప్రూయిట్ గారూ."

కప్పు నా రెండు చేతుల మధ్య ఉంది. దారంతా వరుసలో పెట్టుకొచ్చిన మాటలన్నీ సిద్ధంగానే ఉన్నాయి. ఆయన తల ఊపుతూ నా మొహం జాలిగా చూస్తున్నాడు. అంత జాలి నామీద ఎవరూ చూపించి చాలా రోజులైంది. అది ఇంకొక్క నిమిషం ఉండనిద్దాం అనుకున్నాను. తర్వాత ఇంకొక్క నిమిషం.

"అవునండీ, కష్టంగానే ఉంది," అన్నాను.

"నాన్నా, ఆవిడ అలా రాయలేదు."

బ్రిటా. పశువుల కొట్టంలోంచి వచ్చి, బూట్లు విప్పుతూ గుమ్మంలోనే ఆగింది. ఎప్పట్నుంచి వింటోందో.

"'నాకు తెలియదు' అని రాసింది. 'మాకు' అనలేదు. నాలుగు పేజీల్లో ఎక్కడా అనలేదు. నేను వెతికాను."

"మొగుడూ పెళ్ళాలు కదమ్మా, ఏదైతే ఏముంది," అన్నాడు ఆర్డెల్.

ఆ పిల్ల నన్నే చూస్తూ అడిగింది. "ఒకటేనాండీ?"

"కాదు," అన్నాను. "నాకు తెలుసు. ఆగస్టులోనే తెలుసు. ఆ రోజు మీ నాన్న అడిగినప్పుడూ తెలుసు."

ఆర్డెల్ ముందు అర్థం కానట్టే చూశాడు. తర్వాత లేచి, తన కప్పు తీసుకెళ్ళి సింకులో పెట్టి, నీళ్ళు వదిలి, ఆ నీళ్ళు చూస్తూ అటు తిరిగే నిలబడిపోయాడు.

"మీరేం చెప్పి ఉండక్కర్లేదు," అంది బ్రిటా. గొంతు ఎక్కడా పెరగలేదు. "నాన్న అడిగినప్పుడు ఊరికే మాట్లాడకుండా కూర్చున్నా నాకు అర్థమయ్యేది. నేను మిమ్మల్నే చూస్తున్నాను."

నేను వరుసలో పెట్టుకున్న మాటల్లో 'క్షమించమ్మా' అన్నదొక్కటే బయటికొచ్చింది. ఆ పిల్ల తల ఊపింది. సరేననో, విన్నాననో, తెలియలేదు. బూట్లు మళ్ళీ తొడుక్కుని కొట్టంలోకి వెళ్ళిపోయింది.

ఆర్డెల్ కుళాయి కట్టి, గోడకున్న కోటు తీసుకున్నాడు.

"వెలుతురుండగానే బయల్దేరండి ప్రూయిట్ గారూ," అన్నాడు. "వంతెన దగ్గర గడ్డకట్టి ఉంది. అక్కడ నెమ్మదిగా పోనివ్వండి."

నాతోపాటే బయటికి వచ్చాడు. ఆ కాసేపట్లోనే కారు అద్దాల మీద సన్నటి మంచు పొర పట్టింది. ఆయన తన కోటు జేబులోంచి గీకుడుబద్ద తీశాడు. నేను చేసుకుంటాను అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ముందు అద్దం, పక్క అద్దాలు, వెనక అద్దం, ఒక్కటీ వదలకుండా చివర్లదాకా గీకాడు. నేను పక్కన చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను. అంతా అయ్యాక బద్దని తొడకేసి తట్టి మంచు దులిపి, నా వైపు చూడకుండా ఇంట్లోకి నడిచి వెళ్ళిపోయాడు.